మతి తప్పిందనే ముందు బి12 పరీక్ష చేయించండి

సంపాదకులు గారికి,

అయ్యా,

పెద్దవాళ్ల మతిమరుపు మీద మొన్నటి ఆదివారం అనుబంధంలో మీరు వేసిన పూర్తి పేజీ వ్యాసం చదివినప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను. గళ్ల నుడికట్టు పూరించమని, బాదంపప్పు నానబెట్టి తినమని, మనవలతో కాలం గడపమని అంత విపులంగా చెప్పిన ఆ వ్యాసంలో బి12 విటమిన్ ఊసు ఒక్క వాక్యంలోనైనా లేకపోవడం నన్ను చాలా బాధపెట్టింది. సర్కారు దవాఖానాల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇక ఈ మనిషి ఇంతే అని ఇంటిల్లిపాదీ ఆశ వదులుకున్నవాళ్లలో కొందరు కాసిని బి12 ఇంజెక్షన్లతో తేరుకోవడం దగ్గరుండి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్పవలసి వస్తోంది.

ఆహారలోపం మనసును దెబ్బతీస్తుందన్న సంగతి హైదరాబాదుకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. తమిళనాడులోని కూనూరు నుంచి 1958లో అక్కడికి తరలివచ్చి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా మనందరికీ తెలిసిన తార్నాకలోని పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్ బృందం పరిశోధించిన జబ్బుల్లో పెల్లాగ్రా ఒకటి. జొన్న సంకటి, జొన్న రొట్టె తప్ప మరొకటి ఎరగని తెలంగాణ కూలీలకు మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, దాంతోపాటు దిగులు, నిద్రలేమి, చివరకు మతిభ్రమ కూడా వచ్చేవి. వీటన్నిటికీ మూలం నయాసిన్ అనే బి విటమిన్ కొరత. అమెరికా దక్షిణ రాష్ట్రాల పిచ్చాసుపత్రులు కూడా ఒకప్పుడు ఇదే జబ్బువాళ్లతో నిండి ఉండేవి. అది అంటురోగం కాదని, తిండి మారిస్తే పోతుందని 1915 ప్రాంతంలో డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ నిరూపించాడు. ఇంత చరిత్ర కళ్లెదుట ఉండగా, హైదరాబాదులోనే అచ్చయ్యే పత్రిక మతిమరుపును వయసు ఖాతాలో రాసేసి ఊరుకోవడం న్యాయమా?

పెల్లాగ్రా ఇప్పుడు అరుదైపోయింది గాని, బి12 లోపం మాత్రం ఇంటింటా ఉంది. ఈ విటమిన్ పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. ఆకుకూరల్లో ఎంత వెతికినా ఉండదు. శాకాహారులకే ఈ బెడద అనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే పళ్లూడిపోయి మాంసం మానేసి, పచ్చడి మెతుకులతో, పలచటి మజ్జిగతో పొద్దు గడుపుకునే ముసలివాళ్లు మాంసాహారుల ఇళ్లలో ఎంతమంది లేరు? దానికితోడు, తిన్న తిండిలోంచి ఈ విటమిన్ విడిపడాలంటే కడుపులో ఆమ్లం కావాలి. అది వయసుతో తగ్గుతుంది, గ్యాస్ పేరిట ఏళ్ల తరబడి పరగడుపున మింగే మాత్రలతో ఇంకా తగ్గుతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ సైతం బి12 ఒంటబట్టకుండా అడ్డుకుంటుంది. ఇది మామూలుగా కనిపించే దుష్ఫలితమేనని, లక్షణాలున్నవాళ్లకు పరీక్ష చేయాలని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2022లోనే వైద్యులకు సూచించింది. కాలేయంలో నిల్వ ఉండడం వల్ల లోపం బయటపడటానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా అరికాళ్ల తిమ్మిరి, నాలుక మంట, చిరాకు, దిగులు, అనుమానం, మరుపు ఒకదాని వెనుక ఒకటి వచ్చి చేరతాయి. రక్తహీనత లేకుండానే ఇవన్నీ రావచ్చు గనుక, రక్తం బాగానే ఉందన్న ధీమా పనికిరాదు.

మా పెద్దక్కయ్య సంగతే చెబుతాను. కోడలు తన గాజులు తీసిందని రోజూ తగువు పెట్టుకునేది, రాత్రిళ్లు లేచి తలుపులు తట్టేది. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకుందంటే ముందుకు తూలిపోయేది. చాదస్తమన్నారు, గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు తల స్కానింగులు తీయించి, నిద్రపుచ్చే మాత్రలు రాసి పంపించారు. చివరకు సర్కారు దవాఖానాలో ఒక చిన్న డాక్టరమ్మ నాలుక చూపించమంది. గరుకు పోయి, ఎర్రగా, నున్నగా ఉన్న ఆ నాలుకను చూసి, షుగరు మాత్రలు ఎన్నాళ్లుగా వాడుతున్నారని అడిగి, బయట బి12 పరీక్ష చేయించుకు రమ్మంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక అనుమానాలు, అరుపులు క్రమంగా సద్దుమణిగాయి. కాళ్ల తిమ్మిరి మాత్రం పోలేదు. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. నా కోపమంతా ఆ ఆలస్యం మీదే.

ఆ పరీక్ష బయట ఎందుకు చేయించుకోవలసి వచ్చింది? మా మండలంలో నెలనెలా మెట్‌ఫార్మిన్ పంచుతారు, ఎంతమందికి పంచారో సమీక్షా సమావేశాల్లో లెక్క అడుగుతారు. ఆ మందు ఏళ్లుగా మింగుతున్నవాళ్ల బి12 ఎలా ఉందని అడిగిన అధికారిని మాత్రం నా ఉద్యోగకాలంలో నేను చూడలేదు. గర్భిణులకు అంగన్‌వాడీలో గుడ్డు, పాలు ఇస్తున్నారు, ఎంతో సంతోషం. పింఛను మీద బతికే ముసలమ్మకు ఆ గుడ్డు ఎవరిస్తారు? రేషన్ బియ్యానికి పోషకాలు జోడిస్తామని 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించారు. నిబంధనల ప్రకారం ఆ బియ్యంలో ఉండవలసిన బి12 కిలోకు 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు. రోజుకు కావలసింది సుమారు రెండు మైక్రోగ్రాములు కాగా, అరకిలో బియ్యం వండుకు తిన్నా అందేది అందులో నాలుగోవంతుకు అటూ ఇటూ. పైగా విటమిన్‌ను ఒంటబట్టించుకోలేని శరీరానికి ఆ కాస్తా అక్కరకు రాదు.

తాగుడుకు బానిసైనవాళ్ల గతి మరీ ఘోరం. తిండి మానేసి తాగి తాగి, మాట తడబడుతూ, చూపు నిలవక, ఎక్కడున్నాడో తెలియని మనిషిని తీసుకొస్తే, నీరసమని వెంటనే గ్లూకోజు సీసా ఎక్కించడం ఊళ్లలో మామూలైపోయింది. అతనికి కరువైంది థయామిన్, అంటే బి1. అది ఇవ్వకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే మెదడు మరింత దెబ్బతిని, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. ఇలాంటివాళ్లకు ముందుగా థయామిన్ ఇంజెక్షన్ చేయాలని డాక్టర్లకు చదువులోనే నేర్పుతారు. చదువులేని వైద్యానికి ఊళ్లను వదిలేసిన ఆరోగ్యశాఖ దీనికి జవాబు చెప్పాలి.

ఇది చదివి రేపే మందుల షాపుకు పరుగెత్తవద్దని పాఠకులకు మనవి. ప్రతి దిగులూ విటమిన్ లోపం కాదు. డి విటమిన్ వేసుకుంటే డిప్రెషన్ రాదన్న ప్రచారం జోరుగా సాగుతోంది గాని, అమెరికాలో వేలమంది మీద ఏళ్ల తరబడి జరిగి 2020లో వెలువడిన పెద్ద అధ్యయనంలో అలాంటి మేలేమీ కనిపించలేదు. మానసిక వైద్యులు రాసిన మందులు సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. బి12 లోపం ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకోకుండా ఫోలిక్ యాసిడ్ అనే మరో బి విటమిన్ మాత్రలు ఒక్కటే మింగితే రక్తం మెరుగుపడినట్టే కనిపిస్తుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి.

ప్రభుత్వాన్ని నేను కోరేది పెద్దదేమీ కాదు. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతున్నవాళ్లకు, అరవై దాటి కొత్తగా మతిమరుపో, అనుమానమో, దిగులో మొదలైనవాళ్లకు, మానసిక వైద్యశాలలో చేరే ప్రతి రోగికి బి12 పరీక్ష ఉచితంగా చేయాలి, ఫలితం వారంలోగా చేతికందాలి, ఇంజెక్షను ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఎప్పుడూ నిల్వ ఉండాలి. ఇక మీ అనుబంధంలో ఆ వ్యాసానికి కొనసాగింపుగా ఈ విషయాన్ని ఒక వైద్య నిపుణుడి చేత రాయించి, అంతే పెద్ద అక్షరాలతో వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
మిర్యాలగూడ