తోలు అట్ట పుస్తకాల్లో గోధుమ చార: తప్పు మాదే

నమస్కారం. మా తోలు అట్ట నోటుపుస్తకాలు కొన్నవాళ్లలో కొందరు ఈ మధ్య ఫొటోలు పంపారు. అట్ట తెరవగానే కనిపించే మొదటి కాగితం మీద, చుట్టూ ఫ్రేము కట్టినట్టు గోధుమరంగు చార. రెండు మూడు పుస్తకాలకు వెన్ను మడత దగ్గర తోలు సన్నగా బీటలు వారింది కూడా. తేమ తగిలి ఉంటుందని మొదట జవాబిచ్చాం. తేమ కాదు. చూడకుండానే ఆ మాట అన్నందుకు ముందుగా క్షమించండి.

మేం అమ్మేది రెండు వేర్వేరు వస్తువుల జోడీ. ఒకటి మొక్కది, ఇంకొకటి జంతువుది. కాగితం పత్తితో చేసింది. పత్తిగింజ మీద లేచే ఒక్కో పోగు నిజానికి ఒకే ఒక్క కణం, రెండు మూడు సెంటీమీటర్ల దాకా సాగిన కణం. కాయ పగిలాక లోపలి సరుకు ఎండిపోయి గోడ మిగులుతుంది. ఆ గోడ దాదాపు అంతా సెల్యులోజే. మీరు రాసేది దాని మీదే. తోలు సంగతి పూర్తిగా తిరగేసి ఉంటుంది. జంతుకణానికి అసలు గోడే లేదు. చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు, పైపొర తీసేశాక కణాలు దాదాపుగా పోతాయి. వాటి చుట్టూ అల్లుకుని ఉన్న కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు మిగులుతాయి. చెట్ల బెరడులో, కాయల్లో దొరికే టానిన్ అనే వగరు పదార్థం ఆ పోగులను పట్టి బిగిస్తే అది కుళ్లని తోలవుతుంది. మొక్క మాత్రం ఆ టానిన్‌ను తన కణాల్లో సంచుల్లాంటి గదుల్లో విడిగా దాచుకుంటుంది. లేకపోతే దాని ప్రొటీన్లనే పట్టేస్తుంది మరి!

బెరడుతో పదును చేసిన తోలు కాస్త పులుపులోనే హాయిగా ఉంటుంది. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 నుంచి 5 మధ్య ఉంటే దానికి ఇబ్బంది లేదు. కాగితానికి ఆ పులుపు పడదు. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ ముక్కల పొడవాటి గొలుసు. ఆమ్లం ఒక లంకెను తెంపి, తాను ఖర్చు కాకుండా ఇంకో లంకె దగ్గరికి పోతుంది. కాగితం పాడయ్యే కొద్దీ కొత్త ఆమ్లాలు కూడా పుడతాయి. అందుకే ఎక్కువకాలం ఉండాల్సిన కాగితంలో ఆ ఆమ్లాన్ని విరిచే కాల్షియం కార్బొనేట్ కలుపుతారు. అలాంటి కాగితానికి ఉన్న ఐఎస్‌ఓ 9706 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది కనీసం 2 శాతానికి సమానంగా ఉండాలి, పీహెచ్ 7.5కు తగ్గకూడదు. మా లోపలి పేజీలు అలాంటివే. అట్టకు అంటించిన కాగితం మాత్రం కాదు. రంగు బాగుందని కొన్నాం, అంతే.

అయినా అసలు దెబ్బ అక్కడ పడలేదు. ఈ పుస్తకాలకు వాడిన విడత తోలు తడిపి ఆరబెట్టినప్పుడు దాని మీద నల్ల మచ్చలు వచ్చాయి. మా నీళ్ల డ్రమ్ము ఇనుపది, అడుగున తుప్పు. టానిన్‌కు ఇనుము తగిలితే నలుపు వస్తుంది. ఒకప్పుడు వందల ఏళ్లు రాత సిరా చేసింది కూడా ఇలాగే. ఆర్డర్లు పెండింగులో ఉన్నాయి, టెన్షన్. ఆక్సాలిక్ యాసిడ్ కలిపిన నీళ్లతో తుడిచాం. అది ఇనుమును పట్టి లాగేస్తుంది. మచ్చలు కళ్ల ముందే మాయమయ్యాయి, మేం సంబరపడ్డాం. ఆ తర్వాత నాలుగైదు సార్లు కడగాల్సింది, ఒక్కసారి కడిగి వదిలేశాం. ఆరేటప్పుడు నీరు ఆవిరైంది, యాసిడ్ ఎక్కడికీ పోలేదు.

ఫొటోలు వచ్చాక మిగిలిన ఒక పుస్తకం కోసి చూశాను. మడత దగ్గరి తోలు ముక్కను డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టి పీహెచ్ స్ట్రిప్ ముంచితే రంగు 3 కంటే కిందికి దిగింది. అంత పులుపులో కొల్లాజెన్ పోగులే తెగుతాయి. రోజూ వంగేది వెన్ను మడత కాబట్టి ముందు అక్కడే బీట. అట్ట అంచు లోపలికి మడిచిన చోట తోలు కాగితానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి చార సరిగ్గా ఆ ఆకారంలోనే పడింది.

లేబుల్ గురించి కూడా చెప్పాలి. ‘పూర్తిగా సహజం, యాసిడ్ రహితం’ అని వేశాం. ఆక్సాలిక్ యాసిడ్ ఎన్నో మొక్కల ఆకుల్లో ఉండేదే, ఆ లెక్కన అదీ సహజమే. ఇక తోలు యాసిడ్ రహితం అనడం శుద్ధ అబద్ధం. అలాంటి తోలు ఉండదు. ఆ లైను తీసేశాం.

వెనక అట్ట లోపల గుండ్రటి ముద్ర ఉన్నవన్నీ ఈ విడతవే. చార రాకపోయినా మారుస్తాం, ఫొటో అక్కర్లేదు. రాసుకున్న పుస్తకం వదులుకోలేమంటే, అట్టకూ మొదటి పేజీకీ మధ్య పెట్టుకోవడానికి కార్బొనేట్ ఉన్న పత్తి కాగితాలు పంపుతాం. రంగు మారినప్పుడల్లా ఆ కాగితం మార్చండి. అట్టను వెనిగర్‌తో మాత్రం తుడవకండి. ఒకరు అలా చేశారు, ఆ చోటు అట్టలా బిగుసుకుపోయింది. యాసిడ్ పోగొడదామని వంటసోడా కూడా రాయకండి. క్షారం తగిలితే తోలు నల్లబడుతుంది, టానిన్ ఊడివస్తుంది.

ఇప్పుడు ప్లాస్టిక్ డ్రమ్ము వాడుతున్నాం. ప్రతి తోలు నుంచీ ఒక ముక్క నానబెట్టి చూశాకే కోస్తున్నాం. మడత అంచుకూ కాగితానికీ మధ్య ఒక పొర అదనంగా వేస్తున్నాం. దీనివల్ల పని బాగా నెమ్మదించింది, కొత్త విడత అనుకున్న తేదీకి రాదు. ఇప్పటికే ఆర్డరు పెట్టినవాళ్లు ఆగలేమంటే చెప్పండి. డబ్బు మొత్తం వెనక్కి పంపుతాం, కారణం అడగం.