లాల్‌బాగ్‌లో మా పాపను నిద్రపుచ్చిన పెద్దమ్మకు

పెద్దమ్మా, మీ పేరడగడం మర్చిపోయాను. డిసెంబరులో, ఓ చలి పొద్దున, బెంగళూరు లాల్‌బాగ్ బండ మీద కెంపేగౌడ గోపురం దగ్గర కలిశాం. మెరూన్ స్వెటరు, చేతిలో మీ మనవడి మంకీ క్యాపు.

మా పాపకు రెండేళ్ళు. దత్తత కేంద్రం నుంచి మా చేతికొచ్చి అప్పటికి 3 రోజులు. మాది గుంటూరు, కన్నడం ముక్క రాదు. తనకు తెలిసిందంతా కన్నడమే. రాత్రంతా నిద్రపోలేదు. కాస్త ఊరు చూపిస్తే బెంగ తగ్గుతుందేమోనని తీసుకొచ్చాం. 1760లో హైదర్ అలీ వేయించిన తోట, 300 కోట్ల ఏళ్ళ నాటి బండ అని మావారు చెబుతూనే ఉన్నారు. పాప మాత్రం "తాచి, తాచి" అని గుక్కపట్టి ఏడుస్తోంది. తాచి అంటే అక్కడ తనను పెంచిన ఆయా పేరేమో అనుకున్నాను. ఆమెను ఎక్కణ్ణించి తేగలను? నాకూ ఏడుపొచ్చింది.

మీరొచ్చి "నిద్దరొస్తా ఉందంటమ్మా బిడ్డకి. తాచి అంటే బజ్జోడం" అన్నారు, మన తెలుగులోనే. పాపను మీరు ఎత్తుకోలేదు. నా భుజానికే ఆనించి, మీ శాలువా ఇద్దరికీ కలిపి చుట్టి, కన్నడంలో ఏదో జోల మెల్లగా పాడారు. తను నా మీద నిద్రపోవడం అదే మొదటిసారి.

ఆ శాలువా మీరు తిరిగి తీసుకోలేదు. కలెక్టరుగారి దత్తత ఉత్తర్వు మొన్ననే వచ్చింది. ముందు మీకే చెప్పాలనిపించింది. మా ఇంట్లో ఇప్పుడు అందరం "తాచి" అనే అంటున్నాం. మీకు శతకోటి దండాలు, పెద్దమ్మా.