పూత ఊడిందంటే తప్పు పూతదేనా?

అయ్యా,

టూల్‌రూముల్లో పంచ్ (రేకును కోసే, తొలిచే పనిముట్టు) అరిగితే గ్రైండింగ్ చేసి మళ్లీ బిగించడమే చాలాచోట్ల అలవాటు. 2 నుంచి 4 మైక్రాన్ల టైటానియం నైట్రైడ్ పూత ఆ అరుగుదలను బాగా నెమ్మదింపజేస్తుంది. దాని కాఠిన్యం వికర్స్ కొలమానంలో దాదాపు 2,300. పనిముట్లకు వాడే డీ2 రకం స్టీలును గట్టిపరచినా 700 చిల్లరే.

‘డబ్బు పోసి వేయిస్తే పెచ్చులూడింది’ అన్న ఫిర్యాదుకు మూలం తరచూ కింది స్టీలులో ఉంటుంది. పూత వేసే పీవీడీ (వాక్యూమ్‌లో ఆవిరి రూపంలో పూత పట్టించే పద్ధతి) చాంబరులో పనిముట్టు 450 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కవచ్చు. 200 దగ్గర టెంపర్ చేసిన (గట్టిపరచాక పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడిచేసిన) డీ2 అక్కడ మెత్తబడుతుంది, కొలతా మారుతుంది. 510-520 దగ్గర రెండుసార్లు టెంపర్ చేసే పంపాలి. స్పార్క్ ఎరోజన్ (విద్యుత్ మెరుపులతో లోహాన్ని కోసే పద్ధతి) మిగిల్చే తెల్లపొర పెళుసు; పాలిష్‌తో తీసేయకపోతే పూతను వెంటబెట్టుకుని రాలుతుంది. జింకు, కాడ్మియం ఉన్న బ్రేజింగ్ (కరిగించిన లోహంతో అతికిన) అతుకులైతే ఆ లోహాలు వాక్యూమ్‌లో ఆవిరై అదే చాంబరులోని పక్కవాళ్ల సరుకునూ పాడుచేస్తాయి, ముందే చెప్పడం మర్యాద! తర్వాత పదును పెట్టేటప్పుడు ముఖమే గ్రైండ్ చేస్తే పక్కల పూత నిలుస్తుంది.

బాలాపూర్‌లో పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఉన్న హైదరాబాద్‌లో సలహాకు కొదవలేదు. నాలుగు పంచ్‌లతో చాంబరు నిండదు కాబట్టి, చిన్న యూనిట్ల సరుకును కలిపి పంపే ఏర్పాటు పారిశ్రామికవాడల సంఘాలు చేయాలి.

- టూల్, డై తయారీదారులు, హైదరాబాద్