మంత్రిగారూ, ఈ సీసా ఏ బల్ల మీద పెట్టమంటారు?

వ్యవసాయ శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులున్నాయి, జవాబులే లేవు. అందుకే ఈసారి నలుగురూ చూసేలా రాస్తున్నాను.

నేను గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలే రైతును. మూడెకరాలు, అందులో రెండు కౌలు. కొమ్మ ఎండు, కాయకుళ్లు రాకముందే మొక్కకు రోగనిరోధక శక్తి వస్తుందని, రొయ్య పొట్టు నుంచి తీసిన కైటోసాన్ అని, అంతా సహజమని చెప్పి షాపులో ఒక బయో మందు అంటగట్టారు. నవంబరులో రెండుసార్లు కొట్టాను. వారం తిరగకుండా పూతలో నల్ల తామర పురుగు ఒక్కటీ లేదు.

పక్క చేనువాళ్లు మెచ్చుకున్నారు. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. కైటోసాన్ పురుగును చంపే మందు కాదు కదా సార్! తెగులు తెచ్చే శిలీంధ్రాల కణాల గోడల్లో కైటిన్ ఉంటుంది, కైటోసాన్ దానికి దగ్గరి చుట్టం. ఆకు మీద పడితే తెగులు వచ్చిందనుకుని మొక్క ముందే జాగ్రత్త పడుతుంది. దాని పని అదే. మరి నా చేలో పురుగు ఎట్లా చచ్చింది? భయపడి పారిపోయిందా?

జవాబు మార్చిలో దొరికింది. కొనేవాళ్లు పరీక్ష చేయిస్తే కాయలో పురుగుమందు అవశేషాలున్నాయట. రేటు కోసేశారు. నేను పురుగుమందు ముట్టలేదని ఒట్టేస్తే నవ్వారు.

సగం మిగిలిన సీసా పట్టుకుని వ్యవసాయ ఆఫీసుకు వెళ్లాను. "లేబుల్ మీద తెగులు అని ఉంది, ఇది పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది" అన్నారు ఒకరు. "కాదు, ఇది బయో స్టిమ్యులెంట్, అంటే మొక్కకు ఊతమిచ్చే మందు, ఎరువుల ఉత్తర్వు కిందికి వస్తుంది" అన్నారు పక్క బల్ల ఆయన. మూడోసారి వెళ్తే సీలు తీసిన సీసా పరీక్షకు పనికిరాదన్నారు. సీలు తీయకుండా ఎట్లా కొట్టాలో చెప్పలేదు. సీలున్నది కొందామని షాపుకు వెళ్తే ఆ సరుకు రావడం మానేసిందన్నారు. బిల్లు అడిగితే "బయోలకు బిల్లేంటన్నా" అన్నారు.

2021 ఫిబ్రవరిలోనే ఈ బయో స్టిమ్యులెంట్లను ఎరువుల ఉత్తర్వులోకి తెచ్చారు. వీటిలో పురుగుమందు 0.01 పీపీఎం (పది లక్షల పాళ్లకు 0.01 పాలు) దాటకూడదని ఆ ఉత్తర్వులోనే రాశారు. తాత్కాలిక అనుమతుల గడువు 2025 జూన్‌లో ముగిసింది. సుమారు 30 వేల రకాలు అదుపు లేకుండా అమ్ముడయ్యాయని కేంద్ర మంత్రిగారే ఆ ఏడాది చెప్పారు. ఇవన్నీ తమకు తెలియనివి కావు. నా సీసా ఆ 30 వేలలో ఎన్నోదో చెప్పేవాళ్లే లేరు.

మా ఆవిడ నారుమడికి పులిసిన మజ్జిగలో ఇంగువ కలిపి కొడుతుంది. ఏం మేలు చేస్తుందో నేను రాసివ్వలేను. కానీ అందులో ఏముందో మాకు తెలుసు.

అసలు సిసలు కైటోసాన్ మీద నాకు కోపం లేదు. భీమవరం వైపు రొయ్య పొట్టుకు కరువా? మంచిది తయారు చేయించి, పరీక్షించి, రైతు సేవా కేంద్రంలో బిల్లుతో ఇప్పించండి. కొనుక్కుంటాం. లేదంటే ఉన్నవాటినైనా పరీక్షించండి. అదీ కుదరకపోతే కనీసం ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో చెప్పించండి సార్, దండం పెడతాను.

సీసా ఇంట్లో అటక మీద, పిల్లలకు అందకుండా పెట్టాను. ఎప్పుడు తెమ్మంటే అప్పుడు తెస్తాను.

ఇట్లు,
ఒక మిర్చి రైతు