సంబంధం కుదుర్చుకునేటప్పుడు అడగాల్సింది ఊరి పేరు కాదు

సంపాదకుడి గారికి నమస్కారం.

నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదు. ఈ మాట మీ పత్రికలో పెద్ద అక్షరాల్లో కనబడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను మునుగోడు ప్రాంతంలో హైస్కూల్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. నా దగ్గర చదువుకున్న మర్రిగూడ మండలం అమ్మాయికి ఈమధ్య మాట అనుకున్న సంబంధం తప్పిపోయింది. అమ్మాయి నచ్చింది, కట్నం దగ్గరా పేచీ లేదు. "తండ్రికి నడుము వంగింది, పిల్లకు గార పళ్లున్నయి, రేపు మా మనవళ్లకు గూడ అట్లనే అయితది" అన్నారట అబ్బాయి తరఫువాళ్లు. ఆ తల్లి నన్ను అడిగింది, "నిజంగనే మా రక్తంల ఉన్నదా మేడం?" అని.

లేదమ్మా. మన నేల కింది గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది పళ్లకు, ఎముకలకు పడుతుంది. పిల్లలకు మన నుంచి అందేది అండంలో, శుక్రకణంలో ఉండే డీఎన్‌ఏ. తండ్రి ఎముకకు పట్టిన ఫ్లోరైడ్ ఆ డీఎన్‌ఏలోకి ఎక్కదు. ఎన్నో తరాలుగా ఆడపిల్లలకు చెవులు కుట్టిస్తున్నాం, ఏ బిడ్డయినా కుట్టిన చెవులతో పుట్టిందా? జర్మన్ శాస్త్రవేత్త వైస్‌మన్ ఇదే విషయం తేల్చడానికి వరుసగా కొన్ని తరాల ఎలుకలకు తోకలు కత్తిరించాడు. పిల్లలు మాత్రం పూర్తి తోకతోనే పుట్టాయి.

మరి ఒకే ఇంట్లో తాతకు, తండ్రికి, కొడుక్కు ఎందుకొచ్చిందంటే, ముగ్గురూ తాగింది ఒకే బోరు నీళ్లు. వేరే ఊరి నుంచి వచ్చిన కోడలికి ఆ ఇంటితో రక్తసంబంధం లేదు, అయినా ఆ నీళ్లే తాగీ తాగీ ఆమెకూ కీళ్లు పట్టేశాయి. అదే ఇంటి నుంచి హైదరాబాద్ పోయి స్థిరపడినవాళ్ల పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో వెలిసింది. నల్లా నీళ్లు వచ్చాక పుట్టి, వాటినే తాగి పెరుగుతున్న పిల్లలను మా ఊళ్లో చూస్తున్నాను. వాళ్ల అన్నలకు, అక్కలకు ఉన్న గార వీళ్లకు లేదు. తల్లిదండ్రుల జన్యువులు మాత్రం అవే.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. ఫ్లోరైడ్ ఊరని సంబంధం వద్దనుకున్న ఇళ్లలోనే మేనరికాలు సంతోషంగా చేస్తారు. "ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, ఇంకేం?" అంటారు. గోత్రం తండ్రి వైపు నుంచే వస్తుంది, జన్యువులు తల్లి నుంచీ సగం వస్తాయి. మేనమామ కూతురిని చేసుకుంటే, అబ్బాయికి అమ్మమ్మ అయిన మనిషే అమ్మాయికి నానమ్మ. ఇద్దరి జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఆ ముసలి దంపతుల నుంచి ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చినవే. మేనమామనే చేసుకుంటే నాలుగో వంతు. అందుకే కుటుంబంలో ఏదైనా లోపమున్న జన్యువు ఉంటే, అది ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ.

ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారు కాని తలసేమియా అనే రక్తపు జబ్బు నిజంగా జన్యువుల్లో వచ్చేది. ఒక్క లోపమున్న జన్యువు మోసేవాళ్లు మామూలుగానే ఉంటారు, పొలం పని చేస్తారు, వాళ్లకే తెలియదు. అలాంటివాళ్లు ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. నలుగురిలో ఒక్కరికే వస్తుంది, మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి ఇక భయం లేదు అనుకునేవాళ్లున్నారు. అది తప్పు, ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. జబ్బు తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. ఎవరు ఈ జన్యువు మోస్తున్నారో పెళ్లికి ముందే రక్తపరీక్షతో తెలిసిపోతుంది. ఆ పరీక్ష పేరు హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షతోనూ తెలుస్తుంది. ఇద్దరి బ్లడ్ గ్రూప్ ఒకటే అయిందని టెన్షన్ పడేవాళ్లు ఆ టెన్షన్ మానేసి ఈ పరీక్ష చేయించుకోవాలి.

మీ జిల్లా పేజీలో ఒక డాక్టర్‌తో ఈ రెండు విషయాలూ పక్కపక్కనే రాయించండి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల్లో చదివేవాళ్లు ముందు ఆ పేజీనే తీస్తారు. పెళ్లిళ్ల సీజన్‌కు ముందే వేస్తే మేలు. నా విద్యార్థిని పెద్దలు మళ్లీ సంబంధాలు చూస్తున్నారు.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
మునుగోడు, నల్లగొండ జిల్లా