నిజం పట్టుకునే ఆట: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు ఇంగ్లండ్‌లోని మన తెలుగు సంఘం నడిపిన కార్యక్రమాలలో సభ్యులను ఎక్కువగా నవ్వించినదీ, ఎక్కువగా తగవు పెట్టినదీ ఒక్కటే కాబట్టి, కార్యవర్గం అనుమతితో ఈ నివేదికను పూర్తిగా దానికే కేటాయించాను. బీబీసీ రేడియో 4లో వచ్చే ‘ది అన్‌బిలీవబుల్ ట్రూత్’ అనే హాస్య కార్యక్రమాన్ని నెలకొక ఆదివారం అందరం కలిసి వినడం, ఆ తరువాత అదే పద్ధతిలో తెలుగులో ఆడుకోవడం ఈ ఏడాది మనం కొత్తగా మొదలుపెట్టిన పని. సంక్రాంతి ముగ్గులు, దీపావళి విందు ఎప్పటిలాగే జరిగాయి.

ఆ కార్యక్రమం గురించి తెలియని సభ్యుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. గ్రేమ్ గార్డెన్, జాన్ నెయిస్మిత్ అనే ఇద్దరు దీనిని రూపొందించారు. 2006లో ప్రయోగాత్మకంగా ఒక భాగం ప్రసారమై, 2007 నుంచి వరుస కార్యక్రమంగా నిలదొక్కుకొంది. మొదటి నుంచీ హాస్యనటుడు డేవిడ్ మిచెల్ అధ్యక్షత వహిస్తున్నారు. నలుగురు హాస్యకారులు కూర్చుంటారు. ఒక్కొక్కరు తమకు ఇచ్చిన విషయం మీద చిన్న ఉపన్యాసం చేస్తారు. అందులో చెప్పేదంతా అబద్ధమే, మధ్యలో దాచిన ఐదు నిజాలు తప్ప. తక్కిన ముగ్గురు వింటూ వింటూ, ఇది నిజమేననిపించిన చోట మీట నొక్కి ఆపాలి. నిజాన్ని పట్టుకొన్నవారికి ఒక పాయింటు వస్తుంది, అబద్ధాన్ని నిజమనుకొన్నవారికి ఒక పాయింటు పోతుంది, ఎవరి కంటా పడకుండా దాటిపోయిన ప్రతి నిజానికీ ఉపన్యాసకుడికి ఒక పాయింటు దక్కుతుంది. తొందరపడి మీట నొక్కేవారు సున్నా కంటే కిందికి దిగిపోవడం ఈ ఆటలో మామూలే.

మన పెద్దలు ‘అబద్ధం ఆడినా అతికినట్టు ఉండాలి’ అంటారు. ఈ ఆటలో ఆ సామెతకు రెండో సగం కూడా ఉందని మొదటి రెండు నెలలలోనే తెలిసింది: నిజం చెప్పినా అతకనట్టే చెప్పాలి. 1932లో ఆస్ట్రేలియా సైన్యం ఈమూ పక్షుల మీదికి మెషిన్ గన్‌లతో వెళ్లి, వాటిని అదుపు చేయలేక వెనుదిరిగిందని ఒక సభ్యుడు పెళ్లి భోజనంలో కబుర్లు చెబుతున్న ధోరణిలో చెప్పేసరికి, అది కోతల కింద కొట్టుకుపోయింది, ఆయన ఖాతాలో పాయింటు పడింది. అదే వ్యక్తి గంభీరమైన గొంతుతో చైనా మహాకుడ్యం చంద్రుడి మీది నుంచి కూడా కనిపిస్తుందని చెప్పినప్పుడు ముగ్గురూ ఒకేసారి మోగించి ముగ్గురూ నష్టపోయారు. చిన్నప్పుడు బడిలో విన్న అబద్ధానికి ఉన్నంత బలం కొత్తగా విన్న నిజానికి ఉండదు.

తెలుగులో ఎందుకు ఆడవలసి వచ్చిందో కూడా నమోదు చేయాలి. రేడియోలో ఆ హాస్యకారుల వేగం, యాసలు ఇండియా నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న తల్లిదండ్రులకు అందలేదు. పిల్లలు పొట్టలు పట్టుకొని నవ్వుతుంటే వారు మర్యాదకు నవ్వడం చూసి, రెండో నెల నుంచి రేడియో వినడం సగానికి తగ్గించి, ఆటను మన భాషలోకి మార్చాం. మీటకు బదులు మొదట పూజ గంట పెట్టాం. దేవుడి గంట అబద్ధాల మధ్య మోగకూడదని ఒక పెద్దావిడ అభ్యంతరం చెప్పడంతో, దానిని తిరిగి అలమరలో పెట్టేసి, నలుగురికీ తలా ఒక స్టీలు పళ్లెం, గరిటె ఇచ్చాం. హాలు పక్కన ఉండేవారు శబ్దం గురించి ఒకసారి వచ్చి అడిగారు కానీ, సంగతి విని కూర్చుని టీ తాగి వెళ్లారు.

పెద్దలకు తోడుగా మనుమలను కూర్చోబెట్టడం ఈ ఏడాది మనం తీసుకొన్న మంచి నిర్ణయాలలో ఒకటి. పిల్లలు వెతికి పెడతారు, పెద్దలు చెబుతారు. ఇక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లీషులో తడుముకోకుండా అబద్ధమాడగలరు గాని, తెలుగులో ఆడవలసి వచ్చేసరికి ముఖమే చెప్పేస్తుంది. అమ్మమ్మలకు ఆ ఇబ్బంది లేదు. కోనసీమ నుంచి వచ్చిన ఒక సభ్యురాలి తల్లిగారు కొబ్బరికాయ మీద చేసిన ఉపన్యాసం ఈ ఏటి మేటి ప్రదర్శన అని నా అభిప్రాయం. ఈఫిల్ టవర్ కట్టేటప్పుడు పీచు తాళ్లు పేనడానికి అంబాజీపేట నుంచి మనుషులను పంపారని ఆవిడ తన మేనమామ పేరు కూడా చెప్పి మరీ వర్ణించేసరికి రెండు పళ్లాలు మోగాయి, రెండు పాయింట్లు పోయాయి. ఆ హడావుడిలోనే, 1943లో తన నౌక మునిగి సోలమన్ దీవులలో చిక్కుకొన్న జాన్ కెనెడీ కొబ్బరి చిప్ప మీద కబురు చెక్కి పంపి తన మనుషులను కాపాడుకొన్నాడనీ, అధ్యక్షుడయ్యాక ఆ చిప్పను బల్ల మీదే ఉంచుకొన్నాడనీ ఆవిడ అంటే ఎవరూ గరిటె ఎత్తలేదు. అవి రెండూ నిజాలే.

ఆ స్ఫూర్తితోనే కాబోలు, మరుసటి నెలలో ఒక హైదరాబాదు సభ్యుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సుమారు 185 కారట్ల గోల్కొండ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడారని చెప్పారు. హాలులో ఉన్న హైదరాబాదు వారందరికీ ఈ సంగతి తెలుసు, పిల్లలకు మాత్రం పచ్చి అబద్ధంలా తోచింది. మూడు తరాలు ఒకే గదిలో కూర్చున్నప్పుడు వింత అనేది చెప్పినదానిలో కంటే విన్నవారిలోనే ఎక్కువ ఉంటుందని మాకు అప్పుడు అర్థమయింది. అయితే పళ్లెం మోగించిన సభ్యురాలికి పాయింటు ఇవ్వబోతుండగా మరొకరు లేచి, ఆ జేకబ్ వజ్రం దక్షిణాఫ్రికా గనులలో దొరికినదని, గోల్కొండ అన్న ఒక్క మాటతో వాక్యం అబద్ధమైపోయిందని అడ్డుపడ్డారు. ఆ మాట అలవాటు కొద్దీ నోట వచ్చిందే తప్ప పన్నాగం కాదని ఉపన్యాసకుడే ఒప్పుకోవడంతో, ఆ వాక్యాన్ని ఎవరి ఖాతాలోనూ వేయకుండా వదిలేశాం.

అక్టోబరులో వచ్చిన తగాదా అంత తేలికగా తీరలేదు. సూర్యుడి మీద మాట్లాడుతూ ఒక గుంటూరు సభ్యుడు ‘హీలియంను మా గుంటూరులో కనుక్కొన్నారు’ అన్నారు. పళ్లెం మోగింది. నిజమేనని అధ్యక్షులు ప్రకటించారు. ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. ఆయన వాదన ఇది: 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చిన మాట వాస్తవమే. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని గ్రహణం లేనప్పుడు కూడా చూడవచ్చని ఆయన అక్కడే గ్రహించాడు. అదే గ్రహణాన్ని మద్రాసు వేధశాల నుంచి వచ్చిన పోగ్సన్ మచిలీపట్నంలో చూశాడు. ఆ వెలుగులోని పసుపు గీత ఒకరికి మించి కంటపడింది. కానీ అది భూమి మీద తెలిసిన ఏ పదార్థానిదీ కాదన్న ఆలోచన ఇంగ్లండ్‌లో లాక్యర్ ఆ అక్టోబరులో చేసిన పరిశీలనల తరువాత బలపడింది. హీలియం అనే ఆ వాయువును భూమి మీద పట్టుకొన్నది 1895లో, లండన్ యూనివర్సిటీ కాలేజీలో, విలియం రామ్‌జే. కాబట్టి గుంటూరులో ‘చూశారు’ అనవచ్చునేమో గాని, ‘కనుక్కొన్నారు’ అనరాదు.

పదవీ విరమణ చేసి ఇంగ్లండ్ తిరిగి వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు ఆచార్యుడిగా పనిచేసినది కూడా ఆ కాలేజీలోనేనని ఎవరో అందుకోవడంతో, గుంటూరుకు కాకపోయినా తెలుగుకు ఒక పాయింటు ఇవ్వాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. పకోడీలు చల్లారిపోయాయి గాని తీర్పు రాలేదు.

ఈ రెండు ఉదంతాల తరువాత కార్యవర్గం ఒక నియమం చేసింది. ఉపన్యాసకులు తమ ఐదు నిజాలను, పలకబోయే వాక్యాలను ఉన్నదున్నట్టుగా కాగితం మీద రాసి, ఒక్కొక్క దానికి రెండు ఆధారాలు జతచేసి, మూసిన కవరులో ముందుగానే అధ్యక్షులకు ఇవ్వాలి. మాట మారిస్తే పాయింటు పోతుంది. ఈ నియమంతో ఆటలో చలాకీతనం కొంత తగ్గిందని కొందరు యువ సభ్యులు అంటున్న మాటలో నిజముంది. అయినా నవంబరు నుంచి తగవులు లేకుండా ఇళ్లకు వెళ్లగలిగాం కాబట్టి దానిని కొనసాగించాలనే నా సూచన. ఆగస్టులో చాలామంది స్వదేశం వెళ్లినందువల్ల ఆ నెల సమావేశం జరగలేదు. బీబీసీ కార్యక్రమాలను రికార్డు చేసి వాట్సాప్‌లో పంచవద్దని సభ్యులకు మరొకసారి మనవి.

హాలు అద్దె, టీ, ఫలహారాల ఖర్చులు కోశాధికారి గారు సమర్పించే లెక్కలలో ఉన్నాయి. పాయింట్ల పట్టిక ఈ నివేదికతో పాటు హాలు గోడకు అంటించి ఉంది. అందులో గుంటూరు సభ్యుడి వాక్యాన్ని పట్టుకొన్న సభ్యురాలికి రావలసిన ఒక్క పాయింటును అనామతు ఖాతాలో చూపించాం. దానిని ఆమెకు ఇవ్వాలా, రద్దు చేయాలా అన్నది ఈ సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తేల్చవలసిందిగా కోరుతున్నాను. ఫిజిక్సు మాస్టారు గారు ముందు వరుసలోనే కూర్చుంటామని కబురు పంపారు.

ఇట్లు,
కార్యదర్శి