మేమూ ఒకప్పుడు ఎవరికో విదేశీ గనే

ఎడిటర్ గారికి నమస్కారం.

మన ఉక్కు కంపెనీలు విదేశాల్లో ఇనుప గనులు తీసుకుని తవ్వాలి, లేకపోతే వెనకబడిపోతాం అని ఈ మధ్య పేపర్లలోనూ టీవీల్లోనూ తెగ వినిపిస్తోంది. విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, కాస్త ఒళ్లు కూడా మండుతుంది. మాది ఒడిశాలోని జయపురం. ఛత్తీస్‌గఢ్ గనుల నుంచి విశాఖ వైపు పోయే కొత్తవలస–కిరండూల్ రైలు లైను మా ఊరి మీదుగానే పోతుంది. ఆ లైను ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్లకి విదేశీ గని సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1960ల్లో జపాన్ వాళ్ల విదేశీ గని మా పక్కన ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బైలదిల్లాయే.

అప్పట్లో జపాన్‌కి ఉక్కు ఫ్యాక్టరీలున్నాయి, ఇనుప రాయి (ఖనిజం) లేదు. మనకి ఎద్దు మూపురంలా కనిపించే కొండల నిండా రాయి ఉంది (బైలదిల్లా అంటే అర్థం అదే), దాన్ని సముద్రం దాకా తెచ్చే దారి లేదు. 1960లో ఒప్పందం కుదిరింది, బైలదిల్లా వాటా ఏటా 40 లక్షల టన్నులు. దానికోసం తూర్పు కనుమల్ని తొలిచి, యాభైకి పైగా సొరంగాలు కొట్టి, శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి ఎక్కించి మళ్లీ దించి, సుమారు 450 కిలోమీటర్ల లైను వేశారు. 1968లో గని మొదలైంది. పెద్ద ఓడలు పట్టడం లేదని తర్వాత విశాఖలో ఔటర్ హార్బర్ కట్టారు. మా నాన్న విజయనగరం పక్క పల్లె నుంచి ఓ మేస్త్రీ వెంట ఆ లైను పనికే వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా వీధిలో సగం తెలుగు ఇళ్ల కథ ఇంతే.

అంటే గని కొన్నంత మాత్రాన రాయి రాదండీ, పట్టాలూ రేవూ కూడా ఉండాలి. ఆఫ్రికాలో గినియా దేశపు సిమాండూ ఇనుప గని చూడండి, మంచి గ్రేడు రాయి, నిల్వలు 200 కోట్ల టన్నుల పైమాటే. రియో టింటో అనే మైనింగ్ కంపెనీ అక్కడ అన్వేషణకి లైసెన్సు తీసుకున్నది 1997లో, మొదటి ఓడ కదిలింది 2025 చివర్లో. చైనా కంపెనీలు కూడా కలిసి 600 కిలోమీటర్ల పైన రైలు మార్గం, రేవు కడితే గానీ పని కాలేదు. మనవాళ్ల సంగతి? బొలీవియాలో ఎల్ ముతూన్ గని కోసం జిందాల్ 2007లో ఒప్పందం చేసుకుని, గ్యాస్ సరఫరా గొడవతో 2012లో వెనక్కి వచ్చేసింది. అఫ్ఘానిస్తాన్‌లో హాజీగక్ గనిని 2011లో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ముందుండి నడిపిన కంపెనీల కూటమి గెలుచుకుంది, పేపర్లన్నీ పెద్ద పెద్ద అక్షరాలతో వేశాయి, ఇంతవరకు ఒక్క తట్ట రాయి రాలేదు.

ఇక రాయి పోయే దారిలో ఉన్నవాళ్లకి ఏం మిగులుతుందో కూడా చెప్తాను. మా ఇల్లు పట్టాలకి దగ్గర. మా ఆవిడ డాబా మీద గుమ్మడి వడియాలు పెడితే గూడ్స్ కూత వినపడగానే పాత చీర కప్పేస్తుంది, సాయంత్రం ఆ చీర దులిపితే అరచేతులు కుంకుమ అంటినట్టు ఎర్రబడతాయి. పాసింజర్ ఎక్కితే స్టేషన్లో పక్క లైన్లో పడుకోబెడతారు, ఎదురుగా వస్తున్న రాయి బండి ముందు పోవాలి కదా. పిల్లలు వ్యాగన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. యాభై ఎనిమిది దాకా లెక్కపెట్టి, అప్పుడు మళ్లీ బిస్కెట్ అడుగుతారు. రెండో లైను వేసే డబ్లింగ్ పనులు నడుస్తున్నాయి గానీ, అవి కూడా మా పాసింజర్ మీద ప్రేమతో కాదని అందరికీ తెలుసు. గని దగ్గరివాళ్ల బాధ మాకంటే పెద్దది. 2019 జూన్‌లో బైలదిల్లాలోని నందరాజ్ కొండ తవ్వొద్దని ఆదివాసీలు కిరండూల్‌లో రోజుల తరబడి ధర్నాకి కూర్చున్నారు. రేపు మనం ఏ ఆఫ్రికా దేశానికో వెళ్లి తవ్వితే అక్కడ కూడా ఎవరో ఒకరు చీర దులుపుకుంటారు.

ఇంతకీ నాకు అర్థం కానిది, రాయి లేని దేశమా మనది? పక్కనే నగర్నార్‌లో 2023లో స్టీల్ ప్లాంట్ తెరిచారు, బైలదిల్లా రాయి దగ్గర్లోనే ఉక్కు అవుతోంది, సంతోషం. ఇదే లైను దిగువన ఉన్న విశాఖ ఉక్కుకి మాత్రం 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం, ఈ రోజుకీ బైలదిల్లాలో సొంత గని లేదు. కొనుక్కోవాల్సిందే. 2011లో మా ఒడిశాలోనే గనులున్న కంపెనీల్లో వాటా కొంటే, లీజులు గడువు తీరి ఆ గనులు ఏళ్ల తరబడి మూతపడ్డాయి. ఇంటి పక్క బావిలో చేద వేయనివ్వకుండా, పొరుగూరికి కావిడి వేసుకుని పొమ్మన్నట్టుంది.

విదేశాలకి అసలు వద్దని కాదు. మనకి నిజంగా లేనిది ఉక్కు తయారీకి కావాల్సిన బొగ్గు, కోకింగ్ కోల్, అందులో చాలా భాగం దిగుమతే. 2014లో మన ప్రభుత్వ సంస్థలు కలిసి పెట్టిన ఐసీవీఎల్ కంపెనీ మొజాంబిక్‌లో బెంగా బొగ్గు గని తీసుకుంది, అందులో విశాఖ ఉక్కుకీ భాగం ఉంది. అలాంటివాటికి పొమ్మనండి, ఎవరు కాదంటారు.

మీకు నాదొక మనవి. ఈసారి విదేశీ గని వార్త వేసేటప్పుడు టన్నుల లెక్క దగ్గర ఆగిపోకుండా పట్టాలెవరు వేస్తున్నారు, రేవు ఎక్కడ, ఆ ఊరివాళ్లతో ఏం ఒప్పుకున్నారు అనేవి కూడా అడిగి రాయండి. అలాగే విశాఖ ఉక్కుకి ఇన్నేళ్లూ బైలదిల్లా రాయి ఏ రేటుకి పడింది, ఆ సంవత్సరాల్లోనే ఎగుమతికి ఏ రేటుకి పోయింది, రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి వేయండి.

ఇట్లు
మీ పాఠకుడు,
జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా